చేయి తగలని తోలు

తోలుకి మనిషి చేయి తగలకూడదన్న ఉత్తర్వు ఒక మంగళవారం నాడు వచ్చింది. చేయి అంటే ఏమిటన్న సందేహం మాత్రం మర్నాడు మధ్యాహ్నం దాకా ఎవరికీ రాలేదు.

తూర్పుతీర తోలు ఫర్నిచర్ సంస్థ అంటే ఆ పారిశ్రామికవాడలో ఎవరిని అడిగినా చూపిస్తారు. మూతపడ్డ రెండు జూట్ మిల్లుల మధ్య మూతపడకుండా మిగిలింది అదొక్కటే. అక్కడ తయారయ్యే సోఫాలు ప్రభుత్వ అతిథి గృహాలకీ, పెద్ద ఆఫీసర్ల గదులకీ వెళ్తాయి. వాటి మీద కూర్చునేవాళ్లు వేరు, వాటి ఎదురుగా నిలబడేవాళ్లు వేరు, వాటికి తోలు కోసేవాళ్లు వేరు. ఈ కథ ఆ మూడో రకం వాళ్లది.

కటింగ్ హాలులో కట్టర్లు పదకొండుమంది. అందరిలోకీ పెద్దవాడు జోజప్ప. వయసు యాభై ఒకటి, సర్వీసు ఇరవై ఏడేళ్లు, అరవై నిండి రిటైరవడానికి ఇంకా తొమ్మిదేళ్లు. గేదె తోలుని బల్ల మీద పరిచి, దాని మీద అరచేతిని ఒక్కసారి అటునుంచి ఇటు పోనిచ్చాడంటే ఆ గేదె పుట్టుపూర్వోత్తరాలు చెప్పేసేవాడు. మెడ మీద పలుపు ఎక్కడ రాసిందో, పిడుదు పురుగు ఎక్కడ కరిచిందో, ముళ్లకంచె ఎక్కడ గీరిందో, అన్నీ ఆ అరచేతికి తెలిసేవి. వీపు తోలు గట్టిగా ఉంటుంది కాబట్టి సీటుకి వాడాలి. పొట్ట తోలు సాగుతుంది కాబట్టి సోఫా వెనకాల, ఎవరూ ఆనుకోని చోట వెయ్యాలి. రెండూ కంటికి ఒకేలా కనిపిస్తాయి. తేడా చేతికే తెలుస్తుంది. జోజప్ప పాతికేళ్ల కిందట కోసిన సోఫాలు ఇవాళ్టికీ అతిథి గృహాల్లో చెక్కుచెదరకుండా ఉన్నాయి, వాటి మీద కూర్చున్నవాళ్లే మారారు.

ఇలాంటి చోటికి ఒక యంత్రం వచ్చింది. దాని బల్ల మీద పన్నెండుమంది ఎదురెదురుగా కూర్చుని భోజనం చెయ్యొచ్చు. పైన ఒక కెమెరా, ఒక కత్తి. కెమెరా తోలుని చూస్తుందట, లోపల లెక్క వేసుకుంటుందట, కత్తి దానంతటదే కోసేస్తుందట. దానితోపాటు మధూలిక అనే పాతికేళ్ల ఆటోమేషన్ అధికారిణి కూడా వచ్చింది. పిల్ల మంచిదే. యంత్రం గురించి వెయ్యి సంగతులు తెలుసు. గేదెని మాత్రం బస్సు కిటికీలోంచి తప్ప దగ్గరగా చూసి ఎరగదు.

యంత్రానికి పసుపు కుంకుమ పెట్టి, కొబ్బరికాయ కొట్టి, ఆకుపచ్చ రిబ్బన్ కత్తిరించాక, ఎం.డి. చిదంబరరావు గారు మాట్లాడారు. ఆయన అంతకు ముందు వారమే మూడు రోజుల సెమినారుకి వెళ్లొచ్చారు. సెమినార్లు మనుషుల్ని ఏం చేస్తాయో అందరికీ తెలిసిందే.

"ఉత్పత్తి ప్రక్రియలో మానవ హస్తం ఒక అనిశ్చిత కారకం" అన్నారాయన. "ప్రపంచమంతా హస్తరహితం వైపు సాగిపోతోంది. మనం వెనుకబడరాదు. హస్తరహిత ఉత్పత్తి ధ్రువీకరణ మండలి వారి పత్రాన్ని దేశంలో ప్రప్రథమంగా పొందబోయే తోలు సంస్థ మనదే కావాలని నా సంకల్పం. తొంభై రోజులు, సున్నా స్పర్శలు. ఇదే మన లక్ష్యం."

పదకొండుమందీ చప్పట్లు కొట్టారు. ఎందుకు కొడుతున్నారో సాయంత్రం నోటీసు బోర్డు చూశాక తెలిసింది. ఉత్తర్వులో రెండే అంశాలున్నాయి. ఒకటి, కటింగ్ హాలులో ఉన్నంతసేపూ ఏ తోలు వస్తువునీ సంస్థ ఉద్యోగి చేయి తాకరాదు. తాకినచో ధ్రువపత్రం రద్దగును. రెండు, సదరు ధ్రువపత్రమును ఎం.డి. గారు స్వీకరించిన తేదీ నుండి పదకొండుమంది కట్టర్లు మిగులు సిబ్బందిగా పరిగణింపబడి విధుల నుండి విడుదల చేయబడుదురు.

"విడుదలంటే ఏటి మావా, మనం ఏటైనా జైల్లో ఉన్నామేటి?" అన్నాడు ఎర్రయ్య. జోజప్ప కంటే పదేళ్లు చిన్న, పక్క బల్ల వాడు.

జోజప్ప నోటీసుని మళ్లీ మొదట్నుంచి చదివాడు. రెండోసారి కూడా అక్షరం మారలేదు. తోలు కోసే కత్తిని అక్కడ రంపె అంటారు. ఇరవై ఏడేళ్లుగా తన పిడికిట్లో అరిగిన ఆ రంపెని ఆ సాయంత్రమే తీసుకెళ్లి రిసెప్షన్‌లో అద్దాల బీరువాలో పెట్టారు. కింద 'ప్రాచీన పనిముట్టు' అని చీటీ అంటించారు. జోజప్ప బీరువా ముందు ఆగి ఆ చీటీ చదివాడు. తొమ్మిదేళ్ల జీతం సంగతి సరే. ఈ పని తప్ప ఇంకోటి చేతకాదు. యాభై ఒక్క ఏళ్లకి కొత్తగా ఏం నేర్చుకుంటాడు?

బుధవారం ఉదయం యంత్రం మొదలైంది. బల్ల మీదికి తోలు చేరింది. యంత్రం దాన్ని చూసింది, చూసింది, చూసి ఆగిపోయింది. తెర మీద అక్షరాలు వెలిగాయి: 'తోలు సమంగా పరవలేదు. దయచేసి చేత్తో సరిచేయండి.'

మధూలిక తెరని చూసింది, ఉత్తర్వుని చూసింది. ఎర్రయ్య అలవాటు కొద్దీ ముందుకు వంగి, ముడతని అరచేత్తో ఇలా రాసి చదును చేశాడు. యంత్రం గుర్రుమని కొయ్యడం మొదలుపెట్టింది. అదే క్షణంలో గోడ మీద కొత్తగా పెట్టిన బోర్డులో ఎర్ర అంకె మారింది. 'నేటి స్పర్శలు: 1.'

మధ్యాహ్నానికి ఆ అంకె నలభై మూడయింది. ఎర్రయ్యకి 'అనధికార స్పర్శకు సంజాయిషీ' అడుగుతూ మెమో వచ్చింది. దానికి జవాబు రాయించుకోవడానికి వాడు స్టోర్‌కీపర్ భానోజీరావు గారి దగ్గరికి వెళ్లాడు. ముప్పై ఏళ్లుగా సంస్థలో ఎవరికి మెమో వచ్చినా జవాబు ఆయనే రాస్తారు. భానోజీరావు గారు కళ్లద్దాలు పైకి తోసి, మెమోని వెలుతురుకి పెట్టి చూసి, జవాబు చివర్లో ఒక వాక్యం చేర్చారు: 'అయ్యా, చేయి అనగా శరీరమందు ఎచ్చట మొదలై ఎచ్చట ముగియునో ఉత్తర్వునందు నిర్వచింపబడలేదని మనవి.'

అంతే. కమిటీ పడింది.

కమిటీ నాలుగుసార్లు కూర్చుంది. ఒక సభ్యుడు భుజం నుంచి చేయి అన్నాడు. ఇంకో సభ్యుడు, అలా అయితే మనిషి హాలులోకే రాలేడు, తలుపు పక్కన పేర్చిన తోళ్లకి భుజం తగులుతుంది అన్నాడు. చేతికి తొడుగు వేసుకుంటే చేయి అవుతుందా అనే ప్రశ్న మీద ఒక పూటంతా గడిచింది. తొడుగులో ఉన్నది చేయే కాబట్టి, దుప్పటి కప్పుకున్న మనిషి మనిషి కాకుండా పోడు కాబట్టి, చేయే అని తేల్చారు. చివరికి చిదంబరరావు గారు కలగజేసుకుని, మణికట్టు నుంచి వేళ్ల కొసల దాకా చేయి అని సంతకం చేశారు. మోచేయి, గడ్డం, మోకాలు, పాదం హస్తేతర అవయవాలు. వాటి వినియోగంపై సంస్థకి అభ్యంతరం లేదు.

ఆ మర్నాటి నుంచి కటింగ్ హాలు చూసి తీరవలసిందే. పదకొండుమంది మగాళ్లు తోళ్లని మోచేతులకీ డొక్కలకీ మధ్య ఇరికించుకుని అటూ ఇటూ తిరుగుతున్నారు. బల్ల మీద ముడత పడితే ఇద్దరు కాళ్లు కడుక్కుని ఎక్కి, అరికాళ్లతో తొక్కి చదును చేసేవారు. మూల ఎత్తాలంటే గడ్డంతో ఎత్తేవారు. అలవాటైన చేతులు ఊరుకోవు కదా, ఎంత వద్దనుకున్నా పాకుతూనే ఉండేవి. అందుకని ప్రారంభోత్సవంలో మిగిలిన ఆకుపచ్చ రిబ్బన్‌తో అందరికీ మణికట్లు వెనక్కి కట్టమన్నారు. భోజనం వేళకి వాచ్‌మన్ వచ్చి ముడి విప్పేవాడు, భోజనం కాగానే మళ్లీ కట్టేవాడు. ముక్కు దురద పెడితే పక్కవాడి భుజానికి రాసుకోవడం తప్ప మార్గం లేదు.

"జూట్ మిల్లు మూసీసినప్పుడు నయం మావా" అన్నాడు ఎర్రయ్య, తోలు మూలని గడ్డం కింద నొక్కిపెట్టి. "ఇళ్లకి పొమ్మన్నారు, పోనారు. మనల్ని కట్టీసి మరీ పొమ్మంటన్నారు."

మొదటి సోఫా తయారై ఎం.డి. గారి గదికి వెళ్లింది. యంత్రం తోలులో ఒక్క ముక్క వృథా కానివ్వలేదని మధూలిక గర్వంగా చెప్పింది. నిజమే, కానివ్వలేదు. ఖాళీ ఎక్కడ దొరికితే అక్కడ ముక్క పెట్టి కోసింది. సీటు మధ్యకి మంచి లేత పొట్ట తోలు వచ్చి కూర్చుంది. చిదంబరరావు గారు దాని మీద ఆసీనులై ఒక ఫైలు చదువుతుండగా తోలు సాగింది, ఆయన కొంచెం దిగారు. ఇంకో పేజీ తిప్పారు, ఇంకొంచెం దిగారు. ఫైలు పూర్తయ్యేసరికి మోకాళ్లు చెవుల దగ్గరికి వచ్చాయి. ప్యూను లోపలికి వచ్చి, గదిలో ఎవరూ లేరనుకుని లైటు ఆపి వెళ్లిపోయాడు.

ఆయన్ని బయటికి లాగాక అత్యవసర సమావేశం జరిగింది. యంత్రం తప్పు చేసిందని రాయడానికి వీల్లేదు, అది ప్రమాణీకరించబడిన యంత్రం. తోలు తప్పని రాయడానికీ వీల్లేదు, టెండరు మీద సంతకం చిదంబరరావు గారిదే. ఆయన జోజప్పని పిలిపించారు.

"జోజప్పా, మెత్తని భాగాన్ని నువ్వు ముందే గుర్తిస్తే యంత్రానికి సహకారంగా ఉంటుంది."

"గుర్తించాలంటే సెయ్యి వెయ్యాలండి బాబూ."

"చేయి ప్రసక్తి తీసుకురాకు. సంస్థ నీ నుంచి ఫలితాన్ని ఆశిస్తోంది, అవయవాన్ని కాదు."

జోజప్ప హాలుకి తిరిగొచ్చాడు. ముందు మోచేయి వేసి చూశాడు, మోచేతికి ఏమీ తెలియలేదు. అరికాలు వేశాడు, అరికాలికి అన్నీ ఒకటే. చుట్టూ చూశాడు, సిగ్గనిపించింది. మెల్లగా వంగి, తోలు మీద చెంప ఆనించాడు. కళ్లు మూసుకుని చెంపని మెడ దగ్గర్నుంచి పొట్ట దాకా జరిపాడు. అబ్బో, తెలిసింది. చేతికి తెలిసినదాని కంటే ఎక్కువే తెలిసింది. పిడుదు కరిచిన చోటు గసగస గింజలాగా తగిలింది, పొట్ట దగ్గర తోలు చెంపకింద జారింది. సుద్దముక్కని పళ్ల మధ్య కరుచుకుని గీత గీశాడు. యంత్రం ఆ గీత దాటకుండా కోసింది. రెండో సోఫా రాయిలా నిలబడింది.

చెంపకి గడ్డం అడ్డొస్తే తోలు మాట వినపడదు. అందుకని జోజప్ప రోజూ పొద్దున్నే గడ్డం గీసుకోవడం మొదలెట్టాడు. ఇరవై ఏడేళ్లలో ఆదివారం ప్రార్థనకి తప్ప గడ్డం గియ్యని మనిషి. భార్య కరుణమ్మ నాలుగు రోజులు ఊరుకుంది. అయిదో రోజు దగ్గరికొచ్చి చెంప మీద నల్లరంగు చూసి, వాసన చూసింది.

"ఏటిది? ఆ గేదెల్ని ముద్దులెట్టుకుంటన్నావా ఏటి?"

"ముద్దు కాదే. డ్యూటీ."

"మనిషన్నవాడు సేసే డ్యూటీయేనా ఇది?" అంది కరుణమ్మ. నవ్వాలనుకుంది కానీ, మొగుడి మొహం చూసి మానేసింది. "ఇంత సేసినా తీసేస్తారంటగా."

"ఇంత సేసినందుకే తీసేస్తారు" అన్నాడు జోజప్ప. "నా సెంప బాగా పన్జేత్తే సర్టిఫికెట్ వొస్తాది. అదొస్తే నాను పోతాను."

అన్నాక వాడికే ఏడుపొచ్చింది. దాచుకోలేదు. కరుణమ్మ కొంగుతో ఆ నల్లరంగు తుడుస్తూ కూర్చుంది.

ఈలోగా భానోజీరావు గారికి ఇంకో సందేహం వచ్చింది. ఆయన సందేహాలన్నీ భయం లోంచే పుడతాయి. తోళ్ల లారీ వచ్చినప్పుడల్లా ఆయన స్టోరు రిజిస్టరులో 'స్వీకరించడమైనది' అని రాసి సంతకం పెట్టేవారు. ఇప్పుడు తోళ్లు మోచేతుల కింద, గడ్డాల కింద లోపలికి వస్తున్నాయి. రేపు ఒకటి తగ్గితే, చేయి వెయ్యని వస్తువుని నువ్వు ఎలా స్వీకరించావయ్యా అని ఆడిట్ వాళ్లు అడిగితే ఆయన పెన్షన్ గతేమిటి? ఆ భయంతో రాశారు: 'అయ్యా, హస్తేతర అవయవములతో లోనికి చేరిన వస్తువు స్వీకరింపబడినట్లా, కాదా?'

చిదంబరరావు గారు దీన్ని తీవ్రంగా ఆలోచించారు. స్వీకరించినట్టు అంటే, ఎవరు స్వీకరించారు, ఏ చేత్తో అని మండలివాళ్లు పట్టుకుంటారు. హస్తరహితం మాట మంట కలుస్తుంది. అందుకని సర్క్యులర్ నంబర్ పదిహేడు జారీ అయింది. 'హస్తేతర అవయవములతో జరిగినది స్వీకరణ కాదు, కదలిక మాత్రమే. హాలునందలి వస్తువుల స్వీకరణ విషయమై ఈ నిర్వచనమే సర్వత్రా వర్తించును. స్వీకరింపబడని వస్తువునకు బయటికి పాసు ఇవ్వరాదు. యంత్రము కోసిన సోఫా ముక్కలకు యంత్రమే పాసు ముద్రించును.' భానోజీరావు గారు సర్క్యులర్‌ని రెండు ప్రతులు తీసి, ఒకటి ఫైల్లో, ఒకటి ఇంట్లో దేవుడి పటం వెనకాల పెట్టుకున్నారు. ఆ రోజు నుంచి స్టోరు రిజిస్టరులో ఒక్క తోలూ చేరలేదు. లారీలు మాత్రం వస్తూనే ఉన్నాయి.

రోజులు గడిచాయి. గోడ మీద బోర్డు ప్రతి రాత్రీ సున్నా దగ్గరే ఆగుతోంది. అరవై రోజులు, డెబ్బై, ఎనభై. పదకొండుమంది ఇళ్లలోనూ క్యాలెండర్ల మీద ఒకే తేదీకి చుట్టూ గీత ఉంది. ఎనభై రెండో రోజున భోజనాల దగ్గర, చేతులు విప్పిన ఆ అరగంటలో, ఎర్రయ్య గొంతు తగ్గించి అన్నాడు:

"మావా, ఒక్కసారి. ఒక్కసారి సెయ్యి తగిలిస్తే సాలు. బోర్డు మీద ఒకటి పడతాది, తొంభై రోజులూ మొదటికొస్తాయి. నాను ఏసీనా?"

జోజప్ప అన్నం ముద్ద అలాగే పట్టుకుని ఆలోచించాడు. ఆలోచన తప్పేం కాదు. కానీ సర్టిఫికెట్ రాకపోతే హాలుని కాంట్రాక్టుకి ఇచ్చేస్తామని చిదంబరరావు గారు రెండుసార్లు అన్నారు. ఇచ్చేస్తే పదకొండుమందే కాదు, పక్కన కుట్టు విభాగంలో నలభైమంది ఆడవాళ్లూ పోతారు.

"వొద్దురా. మనకోసం ఆళ్ల కంచం తన్నడవేటి?"

"అయితే మనం పోవాల్సిందేనా?"

జోజప్ప ముద్దని తిరిగి గిన్నెలో పెట్టేసి, చెయ్యి కడుక్కుని, ముడి వెయ్యమని వాచ్‌మన్ ముందు చేతులు వెనక్కి పెట్టాడు.

తొంభయ్యో రోజున పరిశీలకులు వచ్చారు. వాళ్ల పెద్ద పేరు కామత్ గారు. ధ్రువీకరణ మండలి తరఫున దేశదేశాలూ తిరిగి, ఎక్కడెక్కడ చేతులు లేవో చూసి రాసుకోవడం ఆయన ఉద్యోగం. హాలు తలుపు దగ్గర నిలబడి ఆయన చాలాసేపు కదల్లేదు. ఎదురుగా, వీపుల వెనక ఆకుపచ్చ రిబ్బన్లు మెరుస్తుండగా, ఒకడు మోచేతి కింద తోలు మోస్తున్నాడు. ఇద్దరు బల్ల మీద పాదాలతో సున్నితంగా నడుస్తున్నారు. ఒక పెద్దాయన కళ్లు మూసుకుని, తోలు మీద చెంప పెట్టి, నోట్లో సుద్దముక్కతో నెమ్మదిగా పాకుతున్నాడు.

"వీళ్లెవరు?" అన్నారు కామత్ గారు.

"వీరు మా హస్తరహిత సహాయక వ్యవస్థ" అన్నారు చిదంబరరావు గారు.

"యంత్రంలో భాగమేనా?"

మధూలిక నోరు తెరిచింది. చిదంబరరావు గారు ఆమె కంటే ముందు తెరిచారు. "అవిభాజ్య భాగం" అన్నారు.

కామత్ గారు రాసుకున్నారు. నలభై దేశాల్లో ఇంతటి సమగ్రమైన వ్యవస్థని చూడలేదని, మానవ హస్తం జాడ ఎక్కడా లేదని, ధ్రువపత్రాన్ని సోమవారం స్వయంగా ఇక్కడే, ఈ హాలులోనే అందజేస్తానని ప్రకటించారు. అందజేత ధ్రువీకరించిన స్థలంలోనే జరగాలట, అది వాళ్ల నిబంధన.

చిదంబరరావు గారి ఆనందానికి పట్టపగ్గాల్లేవు. ఆ ఆనందంలో ఆయనకో ఊహ వచ్చింది. అంత గొప్ప పత్రం ఉత్త కాగితంలా ఉంటే బాగుండదు. ఈ హాలులో, ఈ యంత్రమే కోసిన తోలుతో ఒక ఫోల్డరు చేయించి, పత్రాన్ని అందులో బిగించి తీసుకోవాలి. పని జోజప్పకే అప్పజెప్పారు. హాలులో ఉన్న తోళ్లలోకెల్లా మంచిది ఎంచమన్నారు.

జోజప్ప శనివారం పొద్దుటి నుంచి ఒక్కో తోలు మీదా చెంప ఆనిస్తూ పోయాడు. పద్నాలుగో తోలు దగ్గర ఆగాడు. వీపు భాగం. ఒక్క మచ్చ లేదు, ఒక్క గీత లేదు, చల్లగా, గట్టిగా ఉంది. ఇదే తన చివరి తోలు అనుకున్నాడు. అలా చెంప పెట్టుకుని పడుకుని, చిదంబరరావు గారు దాన్ని అందుకోవడం ఊహించుకున్నాడు. చేతులు చాపుతారు. అక్కడ వాడి ఆలోచన ఆగింది. కళ్లు తెరిచాడు. చాలాసేపు లేవలేదు.

"ఏటి మావా, నిద్దరోనావా?" అన్నాడు ఎర్రయ్య.

"లేదురా. మంచి తోలు" అన్నాడు జోజప్ప. అంతకు మించి ఎవరికీ ఏమీ చెప్పలేదు. గీత గీశాడు. యంత్రం కోసింది. మోకాళ్లతో మడతపెట్టి, మోచేత్తో బటన్లు నొక్కి, ఫోల్డరుని సిద్ధంచేశారు.

సోమవారం హాలులో షామియానా గుడ్డ కట్టారు. పూలు, మైకు, ముగ్గురు ఫోటోగ్రాఫర్లు. పదకొండుమందినీ ఒక పక్క వరసగా నిలబెట్టారు, చేతులు వెనక్కే ఉన్నాయి. వాళ్ల విడుదల ఉత్తర్వులు తేదీ ఖాళీగా ఉంచి, సంతకాలతో సహా మేనేజరు జేబులో సిద్ధంగా ఉన్నాయి. కామత్ గారు బయటివారు కాబట్టి ఆయన చేతులకి నిషేధం లేదు. పత్రాన్ని ఫోల్డరులో బిగించి, రెండు చేతులతో పైకెత్తి చూపించి ముందుకు చాచారు. చిదంబరరావు గారు చిరునవ్వుతో రెండు చేతులూ చాచారు. కెమెరాలు లేచాయి.

"బాబూ" అన్నాడు జోజప్ప. "సెయ్యి."

చిదంబరరావు గారి వేళ్లు ఫోల్డరుకి జానెడు దూరంలో ఆగాయి.

"ఏమిటి?"

"అది తోలండి. మనది హాలండి. తమరు ఉద్యోగులండి" అన్నాడు జోజప్ప చాలా వినయంగా. "తగిల్తే రద్దయిపోతాదని కాయితంలో ఉంది."

గోడ మీద బోర్డులో సున్నా ఎర్రగా వెలుగుతోంది. కామత్ గారు కనుబొమలు పైకెత్తి, నిజమే, అలాగైతే ఇప్పుడే రద్దుచేయవలసి వస్తుంది అన్నారు. చిదంబరరావు గారు చటుక్కున చేతులు వెనక్కి లాక్కున్నారు. ఒక్క క్షణం ఆలోచించి, మొహంలో మళ్లీ చిరునవ్వు తెచ్చుకుని, కోటు సర్దుకుని, రెండు మోచేతులూ ముందుకు చాచారు. ఫోటోగ్రాఫర్లు మళ్లీ సిద్ధమయ్యారు.

ఈసారి దగ్గింది భానోజీరావు గారు. ఆయన చేతిలో సర్క్యులర్ నంబర్ పదిహేడు ఉంది. దేవుడి పటం వెనకాలి ప్రతి. పొద్దున్నే జోజప్ప ఆయన ఇంటికి వెళ్లి, ఇవాళ అది ఒకసారి దగ్గర పెట్టుకోండి అని మాత్రం చెప్పి వచ్చాడు.

"అయ్యా, మోచేతులతో అయితే అది స్వీకరణ కాదండి. కదలిక అవుతుందండి. తమరి సంతకమే."

"అయితే ఆ సర్క్యులర్‌ని రద్దుచేస్తాను."

"చిత్తం. అప్పుడు ఆ రోజు నుంచి వచ్చిన తోళ్లన్నీ స్వీకరించినట్టే అవుతాయండి. ఎవరు స్వీకరించారని అడిగితే నేను తమరి పేరు చెప్పవలసి వస్తుందండి."

చిదంబరరావు గారి నుదుటి మీద చెమట పట్టింది. బయటికి తీసుకెళ్లి అక్కడ చేత్తో అందుకుంటానన్నారు. బయటికి పాసు కావాలన్నారు భానోజీరావు గారు. స్వీకరించని వస్తువుకి పాసు లేదు. యంత్రాన్ని ముద్రించమని మధూలికకి చెప్పారు. ఆ అమ్మాయి నాలుగు మీటలు నొక్కి చూసి, యంత్రానికి సీటు, వీపు, అడుగు తప్ప వేరే వస్తువు తెలీదు సార్ అంది. పత్రాన్ని ఫోల్డరులోంచి తీసి కాగితాన్నే తీసుకుందామన్నారు. ఫోల్డరు మోచేత్తో తెరుచుకున్నా, లోపలి బిగింపు విప్పాలంటే తోలుకి వేళ్లు తగలాలి. కామత్ గారినే తీసి ఇమ్మన్నారు. ఆయన చేతులు నొప్పెట్టి అప్పటికే ఫోల్డరుని బల్ల మీద పెట్టేశారు. నేను అందజేశాను, అందజేసిన వస్తువుని నేను గానీ ఇంకో బయటివాడు గానీ మళ్లీ ముట్టుకోవడానికి మా నిబంధనలు ఒప్పుకోవు, నాకు విమానం టైమైంది అని వెళ్లిపోయారు.

మేనేజరు జేబులోంచి విడుదల ఉత్తర్వులు తీసి చూశాడు. 'స్వీకరించిన తేదీ నుండి' అని ఉంది. తేదీ వెయ్యడానికి తేదీ లేదు. మళ్లీ జేబులో పెట్టుకున్నాడు.

స్వీకరణ అంటే ఏమిటో తేల్చడానికి కమిటీ పడింది. అది ఇప్పటికీ కూర్చుంటూనే ఉంది, రెండో సోఫా మీద. సంస్థ గేటు మీద 'దేశంలో ప్రథమ హస్తరహిత తోలు సంస్థ' అని పెద్ద బోర్డు పెట్టారు. అందజేశారు కదా, అందులో అబద్ధం ఏమీ లేదు. ఫోల్డరు కటింగ్ హాలులో, కామత్ గారు పెట్టిన బల్ల మీద పెట్టిన చోటే ఉంది. చుట్టూ ఆకుపచ్చ రిబ్బన్ కట్టారు, ఎందుకంటే ఆ రిబ్బన్ ఇప్పుడు ఖాళీగా ఉంది. కట్టర్ల చేతులు కట్టి ఉంచినా విప్పి ఉంచినా బోర్డు మీద సున్నాయే వస్తోందని కనిపెట్టి, కట్టడం మానేశారు. పదకొండుమందికీ మోచేతులు అలవాటైపోయాయి. కరుణమ్మ మొగుడికి చెంపకి రాసుకోవడానికి కొబ్బరినూనె సీసా ఒకటి డ్యూటీకి ఇచ్చి పంపుతుంది.

చిదంబరరావు గారు రోజూ ఉదయం పదింటికి హాలుకి వస్తారు. చేతులు వెనక్కి కట్టుకుని ఫోల్డరు ఎదుట నిలబడతారు. జోజప్ప వచ్చి పక్కన నిలబడతాడు, వాడి చేతులూ వెనక్కే ఉంటాయి. ఇద్దరూ కాసేపు దాన్ని చూస్తారు.

"తోలు ఎలా ఉంది జోజప్పా?" అంటారు చిదంబరరావు గారు. "ఇంకా ఎంత కాలం ఉంటుంది?"

జోజప్ప వంగి, ఫోల్డరు మీద చెంప ఆనించి, కళ్లు మూసుకుని, శ్రద్ధగా వింటాడు.

"బాగుంది బాబూ" అంటాడు. "ఇంకో తొమ్మిదేళ్లు ఆగుతాది."